తొమ్మిది నిమిషాల చొక్కా

కండక్టరుకు జబ్బు వచ్చిందని డాక్టరు కంటే ముందు కనిపెట్టింది ఆయన భార్య. ఆవిడ ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. వీధిలో అందరికీ టైలరమ్మ. ఆయన రిటైరైన నాలుగో ఏడు, కొత్త చొక్కాకు కొలతలు తీస్తుంటే కుడి భుజం ఎడమదాని కంటే అరంగుళం కిందికి కనబడింది. టేపు సరిగ్గా పట్టలేదేమో అనుకుని మళ్ళీ కొలిచింది. అరంగుళమే. ఆ రోజు నుంచి ఆయన్ని గమనించడం మొదలుపెట్టింది. నడిచేటప్పుడు ఎడమ చెయ్యి ఊగుతోంది, కుడి చెయ్యి ఊరికే వేలాడుతోంది. రెండు చెప్పుల్లో కుడిదానికి మాత్రం ముందుభాగం అరిగిపోతోంది.

"ఏమండీ, ఆ చేతికి దెబ్బేమైనా తగిలిందా?"

"లేదే."

"మరి ఊపరేం?"

"నాతో పాటు అదీ రిటైరయింది," అన్నాడాయన.

ఆర్నెల్లు తిరిగాక డాక్టరు దాని పేరు చెప్పాడు, పార్కిన్సన్స్ అని. మెదడులో కదలికలను నడిపించే రసాయనం ఒకటి తగ్గిపోతూ వస్తుందనీ, మాత్రలతో చాలాకాలం నెట్టుకురావచ్చనీ, పూర్తిగా పోయే జబ్బు మాత్రం కాదనీ చెప్పాడు.

ఆ జబ్బు ఎలాంటి మనిషికి వచ్చిందో చెబితే గానీ తక్కిన కథ అర్థం కాదు. ముప్ఫై నాలుగేళ్ళు ఆయన కదిలే బస్సులో నిలబడి బతికాడు. ఎంత రద్దీలోనూ రాడ్డు పట్టుకునేవాడు కాదు. బ్రేకు పడి జనమంతా ఒకరి మీద ఒకరు వాలిపోతుంటే, ఆయన మోకాళ్ళు రవ్వంత వంచి, మళ్ళీ నిటారుగా నిలబడి, టిక్కెట్టు చింపేవాడు. ముందు సీట్లో పెద్దావిడకు దిగాల్సిన చోటు గుర్తుచేయడం, వెనక మెట్ల మీద వేలాడేవాళ్ళను లోపలికి తోయడం, మధ్యలో ఎవరో విసిరిన మాటకు మాట అంటించడం, అన్నీ ఒక్కసారే జరిగిపోయేవి. ఆ గొంతు చూసి డిపోలో ఆయనకు 'మైకు' అని పేరు పెట్టారు. మైకు 'రైట్' అన్నాడంటే పక్క బస్సు కూడా కదులుతుందని చెప్పుకునేవాళ్ళు.

మాత్రలు మొదటి రెండేళ్ళు బాగానే పనిచేశాయి. ఆ తరవాత ఒక్కొక్కటే చెయ్యి జారడం మొదలైంది. అడుగులు దగ్గరపడ్డాయి. చేతిరాత చీమల బారంత సన్నబడింది. మైకు మాట పక్కగదికి కూడా చేరడం మానేసింది. ముఖం బిగుసుకుపోయి, లోపల నవ్వుతున్నా పైకి తెలిసేది కాదు. కూతురు ఒకటి రెండుసార్లు తల్లిని పక్కకు పిలిచి, "నాన్నకు నా మీద కోపం వచ్చిందా?" అని అడిగింది.

టైలరమ్మ చేతులు చురుకు. ఇంకొకరు సూదిలో దారం ఎక్కించేలోపు ఆవిడ కాలరు కుట్టి పక్కన పడేస్తుంది. అలాంటి మనిషికి, భర్త ఒక బొత్తాం కోసం తడుముకుంటూ ఉంటే చూస్తూ కూర్చోవడం వల్ల కాలేదు. మొదట బొత్తాలు పెట్టింది. తరవాత తల దువ్వింది. కొన్నాళ్ళకు అన్నం కలిపి నోటికి అందించింది. ఎవరైనా ఆయన్ని పలకరిస్తే, ఆయన గొంతు సవరించుకునేలోపు ఈవిడే జవాబు చెప్పేసేది. చివరికి ఆయన చొక్కాలన్నిటికీ బొత్తాలు ఊడదీసి, నొక్కితే అతుక్కునే వెల్క్రో పట్టీలు కుట్టేసింది.

"అడిగితే గానీ అమ్మయినా పెట్టదంటారు. నాకు అడక్కుండానే పెట్టేది దొరికింది," అన్నాడాయన ఒకసారి. మెచ్చుకుంటున్నాడనుకుని ఆవిడ సంతోషించింది.

జబ్బు బయటపడిన నాలుగో ఏడు చివర్లో పాదాలు అతుక్కుపోవడం మొదలైంది. బాగా నడుస్తూ వచ్చినవాడు గుమ్మం దగ్గర టక్కున ఆగిపోయేవాడు. మనిషి ముందుకు పోవాలనే చూస్తాడు, పాదాలకు మాత్రం ఎవరో మేకులు కొట్టినట్టుండేది. ఒక ఉదయం బాత్రూము గుమ్మంలో అలా ఆగిపోతే, టైలరమ్మ ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకుని లాగింది. పై సగం వచ్చింది, కింది సగం రాలేదు. ఇద్దరూ పడ్డారు. ఆయన కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి.

కూతురు ఊళ్ళోనే ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగంలో పనిచేస్తుంది. కుట్లు విప్పిన రోజునే తల్లినీ తండ్రినీ వెంటబెట్టుకుని ఫిజియోథెరపీ హాలుకు తీసుకెళ్ళింది. ఎక్స్‌రే గది వెనక పొడవాటి హాలు అది. ఒక గోడ పొడవునా అద్దం. పట్టుకుని నడవడానికి నడుమెత్తున రెండు ఇనపకడ్డీలు. నేల మీద అడుగున్నరకొకటి చొప్పున పసుప్పచ్చ టేపు గీతలు. ఒక మూల చెక్కమెట్లు, ఇటు మూడు ఎక్కి అటు మూడు దిగడమే, ఎక్కడికీ పోవు. ఇవన్నీ చూసుకునే ఫిజియోథెరపిస్టుకు ముప్ఫై ఏళ్ళు ఉంటాయో లేదో. జుట్టు బిగించి ముడేసుకుని, మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని ఉంది. అక్కడికి వచ్చేవాళ్ళంతా ఆమెను మేడమ్ అంటారు.

"రండి కండక్టరుగారూ, కూర్చోండి. రోజూ ఎంత దూరం నడుస్తారు?"

"ఇంట్లోనే అటూ ఇటూ తిరుగుతారమ్మా. బయటికి నేను పంపను," అంది టైలరమ్మ.

"ఎన్నిసార్లు పడ్డారు?"

"రెండుసార్లు. రెండోసారి నా వల్లే."

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"మధ్యలో లేచి కూర్చుంటారు."

మేడమ్ రాసుకోవడం ఆపింది. "అమ్మా, మీరు చెప్పినవన్నీ పనికొచ్చేవే. కాకపోతే నేను అడిగింది ఆయన్ని. ఆయన చెప్పేదాకా ఆగుదామా?"

ముగ్గురూ ఆగారు. పక్కగదిలో ఎక్స్‌రే మిషను ఒకసారి మూలిగి ఊరుకుంది. చాలాసేపటికి కండక్టరు, "లేస్తాను," అన్నాడు. ఇంకాస్త ఆగి, "పక్కకు ఒత్తిగిలడం రావట్లేదు. అందుకని లేస్తాను," అన్నాడు.

పక్కనే పడుకునే టైలరమ్మకు ఆ సంగతి తెలియదు.

మేడమ్ ఆయన్ని నడిపించింది, తిప్పించింది, కుర్చీలోంచి అయిదుసార్లు లేపించింది. చివర్లో కొక్కేనికి వేలాడుతున్న బొత్తాల చొక్కా ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టింది. "మీ చొక్కా మీదే ఇది తొడుక్కుని బొత్తాలు పెట్టుకోండి. తొందరేం లేదు." స్టాప్‌వాచీ తీసి టైలరమ్మ చేతికిచ్చింది. "మీరు టైము చూడండి చాలు."

చేతులు దూర్చడానికే మూడు నిమిషాలు పట్టింది. మొదటి బొత్తాం రెండో కాజాలో పడింది. ఆయన దాన్ని తీసి మళ్ళీ మొదలుపెట్టాడు. టైలరమ్మ చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు వెళ్ళింది. "వాచీ అమ్మా," అంది మేడమ్ నెమ్మదిగా. ఇంకోసారి వెళ్ళింది. ఈసారి ఆవిడే వెనక్కి తీసుకుంది. ఆరో బొత్తాం పడేసరికి తొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లు. కండక్టరు నుదుటి మీద చెమట పట్టింది. టైలరమ్మ వాచీ బల్ల మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా కారిడార్లోకి వెళ్ళిపోయింది.

"ఇది వైద్యమా, శిక్షా?" అంది వెనకాలే వచ్చిన కూతురితో. "ఎద్దు పుండు కాకికేం తెలుస్తుంది? చెట్టంత మనిషిని కూర్చోబెట్టి బొత్తాలు పెట్టించి చోద్యం చూస్తోంది."

"చెయ్యగలిగారుగా అమ్మా."

"నేనైతే అర నిమిషంలో పెట్టేదాన్ని."

"పెడతావు. చొక్కా నీది కాదు," అంది కూతురు.

వారం రోజులు ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం టైలరమ్మ మిషను మీద ఎవరివో పరదాలు కుడుతోంది. వెనక ఆయన ఏదో అన్నట్టనిపించింది. మిషను చప్పుడులో వినబడలేదు. చక్రం పట్టుకుని ఆపింది.

"ఏమన్నారు?"

"వెళ్దాం, అంటున్నా. ఆ హాలుకి."

"ఎందుకు, మళ్ళీ బొత్తాలు పెట్టుకోవడానికా?"

ఆయన చాలాసేపు తీసుకున్నాడు. ఆవిడ మామూలుగా అయితే ఈలోపు రెండు జవాబులు చెప్పి ఉండేది. ఎందుకో ఆ రోజు ఆగింది.

"ఆ అమ్మాయి నన్ను అడిగింది," అన్నాడాయన. "నన్ను అడిగి ఎన్నాళ్ళయిందో."

టైలరమ్మ పరదా అంచు సరిచేసుకుంది. తరవాత మళ్ళీ చక్రం తిప్పింది. ఒక బారెడు దూరం కుట్టు వంకరపోయింది. అదంతా విప్పి మళ్ళీ కుట్టుకోవాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున మాత్ర వేసుకున్న గంటకు, మందు ఒంట్లో బాగా పనిచేసే వేళకు, ఇద్దరూ హాల్లో ఉన్నారు.

మేడమ్ వాళ్ళతో మొదటే తేల్చి చెప్పింది. "జబ్బును నేను పోగొట్టలేను. ఉన్న ఓపికను ఎక్కువకాలం వాడుకునేలా చేస్తాను. అదీ మీరు చేస్తేనే."

అక్కడ నేర్పినవి వింటే చిన్న పిల్లల పనుల్లా ఉంటాయి. కుర్చీలోంచి లేవడం, ఉదాహరణకు. ముందుగా కుర్చీ అంచుకు జరగాలి, పాదాలు వెనక్కి లాక్కోవాలి, ముక్కు బొటనవేళ్ళను దాటేదాకా ముందుకు వంగాలి, అప్పుడు లేవాలి. వెనక్కి వాలే ఉండి లేవాలని చూస్తే కుర్చీయే గెలుస్తుంది. చేతులు చాచమంటే గోడలు తోసేసేటంతగా చాచాలి. అడుగు వేయమంటే గుంట దాటుతున్నంత అడుగు వేయాలి. ఆయనకు మామూలుగా అనిపించే అడుగు చూసేవాళ్ళకు సగమే. మరీ అతిగా వేస్తున్నానేమో అని సిగ్గుపడేంత వేస్తే, అద్దంలో అది అందరి అడుగులా కనబడేది.

సోమ, గురువారాల్లో ఈ జబ్బువాళ్ళందరికీ కలిపి జరిగే ఆ క్లాసులో ఒక రిటైర్డు పోస్టుమాస్టరు ఉన్నాడు. కండక్టరుకు బిగుతు ఎక్కువ, పోస్టుమాస్టరుకు వణుకు ఎక్కువ. "ముద్రలు కొట్టే ఉద్యోగంలో ఉండగానే వచ్చి ఉంటే బాగుండేది. ఒకసారి చెయ్యెత్తితే నాలుగు పడేవి," అని పరిచయం చేసుకున్నాడు. కండక్టరు భుజాలు కదిలాయి. టైలరమ్మ కంగారుగా చూసింది. ఆయన నవ్వుతున్నాడు.

తిరగడం దగ్గర పేచీ వచ్చింది. వెనక్కి తిరగమంటే ఉన్నచోటే గిరుక్కున తిరగబోయి, కాలికి కాలు అడ్డం పడి తూలేవాడు. రెండుసార్లు మేడమ్ ఆయన నడుం బెల్టు పట్టుకుని ఆపింది. మూడోసారి అడిగింది.

"కండక్టరుగారూ, మీ బస్సు ఉన్నచోటే తిరిగేదా?"

"ఎక్కడ తిరుగుతుంది? చుట్టు తీసుకోవాలి. డిపో గేటు దగ్గరైతే సగం రోడ్డు కావాలి."

"మీకూ అంతే. సగం హాలు వాడుకోండి."

అప్పటి నుంచి ఆయన చుట్టు తీసుకుని తిరిగాడు.

పాదాలు అతుక్కున్నప్పుడు ఏం చేయాలో మేడమ్ టైలరమ్మకు కూడా నేర్పింది. గెంటకూడదు, లాగకూడదు, తొందరపెట్టకూడదు. "ఆగిపోయారా, పూర్తిగా ఆగండి. ఊపిరి తీసుకోండి. బరువు ఇటు కాలి మీదికీ అటు కాలి మీదికీ మార్చుకుంటూ ఊగండి. ఒక మాట అనుకుని, దాంతో పాటు ఒక పెద్ద అడుగు. 'ఒకటి' అనుకున్నా సరే, మీ ఇష్టం."

కండక్టరు ఆలోచించి, "రైట్," అన్నాడు. దోమ గుయ్యిమన్నట్టు వినిపించింది.

"ఆ గొంతుకు బస్సు కదలదు సార్. వెనక సీటుకు వినబడాలి."

రెండోసారి కొంచెం పెరిగింది. మూడోసారి ఆయన పొట్ట నిండా గాలి తీసుకుని అరిచాడు. కడ్డీల మధ్య నడుస్తున్న పోస్టుమాస్టరు ఆగి వెనక్కి చూశాడు. ఎక్స్‌రే గదిలోంచి ఎవరో తల బయటపెట్టారు. ఆయన కుడిపాదం నేల విడిచి పసుపు గీత దాటి అవతల పడింది.

అన్నీ ఇలా కలిసి రాలేదు. నడుస్తూ మాట్లాడొద్దని మేడమ్ చెప్పిన రోజు ఆయన బాగా చిన్నబుచ్చుకున్నాడు. మాట్లాడాలంటే ఆగి మాట్లాడాలి, మోయాలంటే మొయ్యడమే చెయ్యాలి. రెండు పనులు కలిస్తే కాళ్ళు మరిచిపోతాయి. నాలుగు పనులు ఒక్క చేత్తో చేసిన మనిషికి అది మింగుడుపడలేదు. రెండు క్లాసులకు రానన్నాడు. మూడో క్లాసు రోజున పోస్టుమాస్టరు ఫోను చేసి, "మీరు లేకపోతే నాకంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు లేరండీ, పరువు పోతోంది," అన్నాడు. ఆయన చొక్కా అందుకున్నాడు.

చొక్కా విషయం టైలరమ్మే తేల్చింది. బయటికి వెళ్ళే రోజుల్లో వెల్క్రోది, ఇంట్లో రోజుకొకసారి బొత్తాలది. పాత చొక్కాలు రెండింటికి మళ్ళీ బొత్తాలు కుట్టింది, ఈసారి కాస్త పెద్దవి. ఆయన తొడుక్కుంటున్నంతసేపూ మిషను మీద కూర్చుని గోడకేసి చూస్తూ కుట్టేది. తొమ్మిది నిమిషాలు మూడో నెలకు అయిదున్నరకు దిగింది. మందు సరిగ్గా పట్టని రోజున మళ్ళీ పన్నెండు. పన్నెండు పట్టిన రోజు ఆయనతో ఎవరూ మాట్లాడకుండా ఉంటేనే మంచిదని ఆవిడ తెలుసుకుంది.

ఆరో నెలలో మేడమ్ నేల మీది నుంచి లేవడం నేర్పింది. "పడకుండా చూసుకుందాం. ఎప్పుడైనా పడితే మాత్రం ఏం చేయాలో తెలిసి ఉండాలి," అంది. చాప పరిచి, ఆయన్ని పడుకోబెట్టి, మళ్ళీ మళ్ళీ లేపించింది. టైలరమ్మ అద్దం పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉంది.

తరవాత పడింది ఆయన కాదు, ఆవిడ.

పొద్దున పదకొండు కావస్తోంది. కూతురు డ్యూటీలో ఉంది. వంటగదిలో గిన్నెలు కడుగుతుంటే నీళ్ళు నేల మీద చిందాయి. తుడుద్దామని గుడ్డ కోసం తిరిగిన టైలరమ్మ కాలు జారింది. పడుతూ కుడిచెయ్యి ఆనించింది. మణికట్టు దగ్గర ఏదో పటుక్కుమంది.

"ఏమండీ."

కండక్టరు ముందుగదిలో కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేస్తున్నాడు. ఆ పిలుపు విని లేచి వచ్చాడు, ఉండవలసిన దానికంటే తొందరగా. వంటగది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాదాలు అతుక్కుపోయాయి. లోపల ఆవిడ కింద పడి ఉంది. ఆయన ఒళ్ళంతా ముందుకు వాలుతోంది.

"రావద్దు. నీళ్ళున్నాయి, మీరూ పడతారు," అంది ఆవిడ.

ఆయన గుమ్మం పట్టుకున్నాడు. వెళ్ళాలనే ఆత్రం ఎంత పెరిగితే పాదాలు అంత బిగుస్తాయని ఆయనకు తెలుసు. కళ్ళు మూసుకుని ఆగాడు. భార్య నొప్పితో మూలుగుతుంటే అలా ఆగి నిలబడటం తన జీవితంలో చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైందని తరవాత చెప్పాడు. ఊపిరి తీసుకున్నాడు. ఇటూ అటూ ఊగాడు. "రైట్," అని పొడి నేల ఉన్న వైపు అడుగు వేశాడు.

దగ్గరికి వచ్చాక ఆవిడ ఎడమ చెయ్యి చాచింది. ఆయన అందుకోలేదు.

"నేను లేపను. లేపితే ఇద్దరం పడతాం. నువ్వే లేస్తావు, నేను చెబుతా. తల తగిలిందా?"

"లేదు."

"కాళ్ళు కదుపు. రెండూ." కదిపింది. "నడుం దగ్గర నొప్పుందా?"

"లేదండీ, చెయ్యే."

"ఆ చెయ్యి గుండెకు ఆనించుకో. ఇప్పుడు ఎడమ పక్కకు ఒత్తిగిలు. తొందరేం లేదు."

మాట మాటకూ ఆగుతూ చెప్పాడు, ప్రతి మాటా వినబడేలా చెప్పాడు. ఆవిడ ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, మోకాళ్ళ మీదికి వచ్చింది. ఆయన వంటగది మూలనున్న ప్లాస్టిక్ కుర్చీని నెమ్మదిగా ఆవిడ ముందుకు నెట్టి, కదలకుండా బరువు దాని మీద మోపాడు.

"మంచి చెయ్యి కుర్చీ మీద పెట్టు. ఒక కాలు ముందుకు తెచ్చి పాదం ఆనించు. ముక్కు ముందుకు."

"ముక్కు ముందుకే ఉందండీ," అంది ఆవిడ. ఏడుపులో నవ్వు వచ్చింది. లేచి కూర్చుంది.

ఫోను ముందుగదిలో మిషను మీద ఉంది. ఆయన మళ్ళీ గుమ్మం దాటి వెళ్ళి, కూతురి నంబరు నొక్కి, సంగతి చెప్పాడు. అవతల కూతురు ఫోను చెవికి దూరంగా పట్టుకుని, పక్కనున్న ఆమెతో, "మా నాన్న," అంది.

మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. మిషను మీద గుడ్డ కప్పేశారు. కూతురు పొద్దున డ్యూటీకి ముందొకసారీ సాయంత్రం మరోసారీ వచ్చి వంట చేసి, తల్లికి తినిపించి పరుగెత్తేది. రెండో రోజు పొద్దున టైలరమ్మ ఒక ముద్ద నములుతుండగానే ఇంకో చెంచా వచ్చి పెదవులకు తగిలింది.

"ఆగవే. ఆ చెంచా ఇలా ఇవ్వు. ఎడమ చేత్తో నేనే తింటాను."

"మీద పోసుకుంటావమ్మా, నాకు టైమవుతోంది."

"పోసుకుంటే పోసుకుంటాను. నాకు చెయ్యి విరిగింది గానీ నోరు విరగలేదు."

ఆ మాట అన్నాక టైలరమ్మ చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయింది. కూతురు తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఎదురుగా కండక్టరు తన పళ్ళెంలోంచి ఒక్కొక్క ముద్ద తీసుకుంటున్నాడు, తన వేగంతో తాను.

"రెండేళ్ళపాటు మీరు నోరెత్తలేదేం?" అంది.

ఆయన మింగాడు. నీళ్ళు తాగాడు. "ఎత్తేలోపు ముద్ద పెట్టేదానివి."

ఆవిడ నవ్విన నవ్వుకు ఒళ్ళో అన్నం పడింది. ఆ రోజు ఆవిడ ఎడమ చేత్తో తినడం ముగించేసరికి ఆయన తినడం కూడా ముగిసింది. పెళ్ళయ్యాక ఇద్దరూ ఒకేసారి పళ్ళేల ముందు నుంచి లేవడం అదే మొదలేమో. ఇన్నాళ్ళూ ఆవిడ అయిదు నిమిషాల్లో తినేసి మిషను మీద ఉండేది.

ఆ ఆరు వారాలూ ఇంట్లో పనులు నత్తనడకన సాగాయి, కానీ సాగాయి. ఆవిడ జుట్టుకు రబ్బరుబ్యాండు వేయడం ఆయన నేర్చుకున్నాడు. వేళ్ళకు అది మంచి వ్యాయామమని మేడమ్ మెచ్చుకుంది. వేసినది పది నిమిషాలకు జారిపోయేది. మళ్ళీ వేసేవాడు. ఆవిడ అద్దంలో చూస్తూ కూర్చునేది. కట్టు విప్పాక మణికట్టు బిగుసుకుపోతే, ఆవిడా ఆ హాల్లోనే ఒక మూల కూర్చుని మెత్తటి బంతి పిసకాల్సి వచ్చింది. "నొప్పిగా ఉందమ్మాయ్," అంటే, "తొందరేం లేదమ్మా," అంది మేడమ్. టైలరమ్మ పళ్ళు బిగించి పిసికింది.

మరుసటి ఏడు మేడమ్ కాన్పుకు సెలవు పెట్టింది. ఆమె స్థానంలో వచ్చినతను రోజంతా ఎముకలు విరిగినవాళ్ళతోనే సతమతమయ్యేవాడు. సోమ, గురువారాల క్లాసు తాను చేయలేననీ, హాలు మాత్రం వాడుకోవచ్చనీ, పిలిస్తే పలుకుతాననీ చెప్పాడు. క్లాసులో తొమ్మిది మంది ఉన్నారు. మొదటి సోమవారం అందరూ వచ్చి కుర్చీల్లో కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ముఖాల్లో పెద్దగా ఏమీ కనబడదు కాబట్టి అది చాలాసేపు సాగింది.

"లేవండి సార్. మీ గొంతొక్కటే అందరికీ వినబడేది," అన్నాడు పోస్టుమాస్టరు చివరికి.

కండక్టరు లేచి అద్దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. చేతులు చాచమన్నాడు, చాచారు. అడుగు వేయమన్నాడు, వేశారు. పోస్టుమాస్టరు వణికే చేత్తోనే స్టాప్‌వాచీ పట్టుకుని నిమిషాలు చెప్పాడు. తూలేవాళ్ళ పక్కన టైలరమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ నిలబడ్డారు, చేతులు దగ్గరలో ఉంచుకుని, ఎవరినీ ముట్టుకోకుండా. నాలుగు నెలల్లో ఒక్క క్లాసు కూడా తప్పిపోలేదు. ఆయనకు మందు పట్టని రోజున కూర్చునే చెప్పాడు. రెండుసార్లు మధ్యలో గొంతు పూర్తిగా పోయింది. అప్పుడు పోస్టుమాస్టరు అందుకున్నాడు.

మేడమ్ తిరిగి వచ్చిన వారం, అందరికీ మళ్ళీ కొలతలు తీసింది. కండక్టరును పది మీటర్లు నడిపించి, కాగితంలో పాత అంకెల పక్కన కొత్తవి వేసి, రెండింటినీ చూసుకుంది.

"అడుగు మూడంగుళాలు తగ్గింది సార్. డాక్టరుగారితో మాట్లాడి మందు వేళలు మార్పిద్దాం."

"నాలుగు నెలలు అరిచి అరిచి చేయించానే," అన్నాడాయన.

"చేశారు కాబట్టే మూడు. లేకపోతే ఎంతో నేను చెప్పలేను. ఎదురుగా నిలబడి చేయించినంతసేపు మీ అడుగులు మీరు చూసుకోలేదు కదా."

ఆయన అద్దంలోకి చూసుకున్నాడు. "అయితే నా వరసలోకి నేను పోతాను. పెత్తనం మీరే చూసుకోండి," అని, సగం హాలు చుట్టి వెళ్ళి పోస్టుమాస్టరు పక్కన నిలబడ్డాడు.

ఇప్పుడు ఆయనకు డెబ్బై ఒకటి. సాయంత్రాలు చక్రాల వాకరు పట్టుకుని నడుస్తాడు, పొద్దున్న అక్కర్లేదు. టైలరమ్మ మిషను మళ్ళీ తిరుగుతోంది, మునుపటంత కాదు, మణికట్టు ఒప్పుకున్నంత. పోస్టుమాస్టరు చక్రాల కుర్చీలో వచ్చి చేతుల వ్యాయామాలు చేసి వెళ్తున్నాడు. ఈ సోమవారం క్లాసుకు కొత్తగా నలుగురు వచ్చారు. హాలు చాలకపోతే మేడమ్ సగం మందిని కారిడార్లోకి తెచ్చి, గోడ పొడవునా నేల మీద పసుపు టేపు గీతలు అతికించడం మొదలుపెట్టింది.